గీత దాటాక వచ్చిన బలం

కాలిన నూనె వాసనలు చాలా రకాలు. బజ్జీల బాణలిలో మాడినది ఒకటి. ఆకలి మీదుంటే అదీ కమ్మగానే ఉంటుంది. లారీ కింద కారి, దుమ్ము పట్టి, ఎండకు కాగేది ఇంకొకటి. నిజామాబాదు బస్టాండు పక్కన పెరిగినవాడికి అది వాసన కిందే లెక్క కాదు. మూడోది అమెరికా కారు గేరుపెట్టెలో మరిగి, మాడి, సందు దొరికిన చోటల్లా కక్కుకుని, వంగి చూస్తున్న మనిషి చొక్కా మీద పడే ఎర్ర నూనెది. చింతపండు పులుసులో పాత రబ్బరు చెప్పు వేసి ఉడికించినట్టుంటుంది. సబ్బు అరిగిపోతుంది గాని అది పోదు. నా మీద నాకు ఎప్పుడు రోత పుట్టినా ముందు ఆ వాసన వస్తుంది, కారణం తర్వాత గుర్తొస్తుంది.

మాది కిరాణా దుకాణం. ఎడమ పక్కన బట్టల కొట్టు, కుడి పక్కన ఇనుప సామాను, ఎదురుగా పసుపు కమీషను వ్యాపారి. మా వీధి పిల్లలకు నడక కంటే ముందు బేరం వస్తుందని మా అవ్వ, అంటే మా అమ్మ, అనేది. నాకు మరీ తొందరగా వచ్చింది. ఏ వస్తువు కొన్నా ధర తగ్గిస్తే నాకు సరిపోయేది కాదు. తగ్గించాక దాని మీద కొసరు కావాలి. పప్పు తూచాక పైన పడే గుప్పెడు, గుడ్డ కొలిచాక వదిలే నాలుగు వేళ్ళు. అది లేకపోతే కొన్నట్టే ఉండేది కాదు. ఒకసారి దవాఖానాలో పన్ను పీకించుకుని, పక్కది కూడా కదులుతున్నట్టుంది, అదే చేత్తో అదీ తీసెయ్యమన్నాను. డాక్టరు తీశాడు. అది మంచి పన్ను. ఈ ముచ్చట చెప్పి చాలామందిని నవ్వించాను. కారు ముచ్చట మాత్రం ఇంతవరకు ఎవరికీ మొత్తం చెప్పలేదు.

కారు మా అక్క మొగుడిది. మా బావ మోస్రా దగ్గరి పల్లె మనిషి. అన్నదమ్ముల పంపకంలో తనకు వచ్చిన వరి పొలం అమ్మి ఆ కారు కొన్నాడు. అరవైల మొదట్లో మాట. హైదరాబాదులో నవాబుల దేవిడీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ, అద్దాల దీపాల నుంచి ఉమ్మితొట్ల దాకా అన్నీ అమ్మకానికి వస్తున్న రోజులు. ఒక దేవిడీ వెనక కొట్టంలో, పావురాల రెట్ట కింద, ఈ కారు దొరికింది. పొడుగు మా పెరడంత. లోపల కూర్చుంటే పెళ్ళి పందిట్లో కూర్చున్నట్టే.

దానికి క్లచ్చి లేదు. కాళ్ళ దగ్గర రెండే పెడళ్ళు, ఒకటి ఆపడానికి, ఒకటి తోలడానికి. గేర్లు మార్చే పని లేదు. బావ దాన్ని నిజామాబాదు నుంచి బోధన్‌కు కిరాయికి తిప్పేవాడు. ముందు సీట్లో కూర్చున్న ప్రతివాడూ వంగి బావ కాళ్ళ దగ్గర చూసి, "మూడోది యాడ పోయింది?" అని అడిగేవాడు. బావ, "కట్నంల రాలే," అనేవాడు. మా బాపు ఎదుట కూడా అనేవాడు. మా బాపు నవ్వేవాడు కాదు.

ఎందుకంటే బావా అక్కా మా ఇంట్లోనే, వెనక గదిలో ఉండేవాళ్ళు. అల్లుడు అత్తగారింట్లో తినడం మా వీధిలో దాచగలిగే సంగతి కాదు. మాకు ఎన్ని బియ్యం ఖర్చవుతాయో పక్క దుకాణాలకు మాకంటే బాగా తెలుసు. అక్క పొద్దున్నే మా అవ్వ వంటింట్లో పొయ్యి ముందు కూర్చునేది. మా అవ్వ నూనె గరిటెతో కొలిచి పోసేది. సొంత కూతురికే. అక్క అప్పటికే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ దారిలో ఒక గది చూసి పెట్టుకుంది. ఒక గది, ముందు చిన్న వసారా, వసారాలో పొయ్యికి చోటు. పెళ్ళికి వచ్చిన ఇత్తడి గిన్నెలు, చెంబులు, రెండు గంజులు ఒక గోనెసంచిలో వేసి మూతి కట్టి గోడకు ఆనించింది. అవసరమైనా విప్పేది కాదు. "గీ సీజన్ల పోతం," అనేది. బావకు సీజనంతా నిలిచే పని ఒకటి దొరికితే చాలు, ఆ సంచి బోధన్ పోతుంది. మాకందరికీ తెలుసు.

పని కనిపించింది కూడా. బోధన్ దగ్గర వందల ఎకరాల చెరుకు ఉన్న పటేలు ఒకాయన, చెరుకు ఆడే నెలల్లో తన చుట్టాలనూ వ్యాపారులనూ తిప్పడానికి ఒక బండిని మొత్తం సీజనుకు మాట్లాడుకునేవాడు. ఆ ఏడు ఇద్దరు అడిగారు. ఒకరు మా బావ. రెండోవాడు మిలిటరీ వాళ్ళు అమ్మేసిన జీపు నడుపుకునే మనిషి. ఒకప్పుడు లారీ డ్రైవరు, నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. పటేలుకు ఎడ్ల పందేల పిచ్చి. మా ముగ్గురినీ అరుగు కింద నిలబెట్టి తేల్చేశాడు:

"ఇద్దరు నాకు కావల్సినోల్లే. ఒగనికిస్తే ఇంకొగడు మొకం మాడ్సుకుంటడు. దసరా పోయినంక నాలుగో దినం కాలువ పక్క తొవ్వ మీద ఎడ్ల పందెం ఉంది గద? అది ఒడిసినంక మీ బండ్లు గూడ ఉరికియ్యిండ్రి. నిలవడ్డ కాడికెల్లి అర మైలు. ఎవడు ముందొస్తే సీజనంత వానిదే."

జీపాయన, "నాది మిలిటరీ బండి పటేలా, గది నవాబు పల్లకి," అన్నాడు.  బావ బదులు నేను అన్నాను, చాలా అన్నాను. ఏమన్నానో ఇప్పుడు రాయను.

బస్టాండు వెనక షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. వయసులో దేవిడీల కార్ఖానాల్లో పనిచేసిన మనిషి, అందుకే ఈ రకం గేరుపెట్టె లోపల ఏముంటుందో జిల్లాలో ఆయనకు ఒక్కడికే తెలుసు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయనను కారులో కూర్చోబెట్టుకుని బోధన్ రోడ్డు మీద బావ నిలబడ్డ చోటి నుంచి రెండు సార్లు ఉరికించాడు. ఉస్తాద్ కళ్ళు మూసుకుని విన్నాడు.

"గిట్లనే పోనీ. ఎవ్వలు చెయ్యి పెట్టకుండ్రి," అన్నాడు. "జీపాయన గేరు మార్చెతందుకు రెండు మాట్ల కాలు తీస్తడు, రెండు మాట్ల పెడ్తడు. నీకు తీసుడు లేదు, పెట్టుడు లేదు. ఒక్కటే ఊపు. గెలుస్తవ్."

"ఎంత ముందుంటం ఉస్తాద్?" అన్నాను నేను.

"రెండు బండ్ల పొడుగు."

"రెండేనా?"

ఉస్తాద్ కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "ఏం సేటూ, గెలుపు మీద గూడ కొసరు గావాల్నా?"

కావాలి. రోత అంటే అక్కడే మొదలు. పని అయిపోయింది, సరుకు తూకం సరిపోయింది, ఇంటికి పోవాలి. నేను తక్కెడ పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాను. ఇంజను పాతది గదా, లోపల ఏదో అరిగి ఉంటుంది, ఒకసారి విప్పి చూస్తే పోయేదేముంది అని రెండు రోజులు బావ చెవిలో పోరాను. బావ అక్క వైపు చూశాడు. అక్క గోనెసంచి వైపు చూసి, "తమ్మికి ఎరుకుంటది గద," అంది. ఆ నమ్మకం నాకు ఇప్పటికీ గొంతులో ముల్లే.

ఇంజను విప్పితే ఉస్తాద్ ఒక ఇనుప కడ్డీ బయటికి తీశాడు. మూరెడు కంటే పొడుగు, దాని మీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులు. అదే కేమ్‌షాఫ్ట్. కడ్డీ తిరుగుతుంటే ఒక్కో గుడ్డు ఒక్కో వాల్వును తోసి తెరుస్తుంది. ఆ తలుపుల గుండానే ఇంజను గాలి పీలుస్తుంది, పొగ వదులుతుంది. గుడ్డు ఎంత పెద్దదైతే తలుపు అంత ఎక్కువ తెరుచుకుని అంత ఎక్కువసేపు ఉంటుంది. ఉస్తాద్ ఒక గుడ్డును గోటితో గీరి, "గిదొక్కటి జెరంత అరిగింది. ఫరక్ పడది," అన్నాడు.

అరిగింది అనే మాట చాలు నాకు. ఆ కడ్డీని గోనెలో చుట్టుకుని హైదరాబాదు రైలెక్కాను.

పాత సామాన్ల బజారులో ఒక ముసలి వ్యాపారి దగ్గర అలాంటివి రెండు దొరికాయి. ఒకటి అచ్చం మాదే, తక్కువ అరిగినది. రెండోదాని గుడ్లు ఉబ్బి, పక్కలకు పొర్లినట్టున్నాయి. బొంబాయి దిక్కు విమానాల మైదానంలో కార్లు ఉరికించే ఒకాయన కోసం చేయించిందట. వ్యాపారి నోటి నిండా పాన్. ప్రతి మాటకు ముందు పక్కకు ఉమ్మేవాడు, ఆ ఉమ్మి ఒక ఇంజను పెట్టె మీద పడి జారుతూ ఉండేది. నేను దానివైపు చూడకుండా బేరం చేస్తున్నాను.

"ఏ, పెద్దది తీస్కపోకు సేట్," అన్నాడు. "గది రేసు మాల్. చేత్తోని గేర్లేసే బండికి నడుస్తది. నీ బండిల గేరు నూనె మీద నడుస్తది గద? చిన్నదే తీస్కపో. నీ పాతది గూడ మంచిగనే ఉన్నది, దాన్నే మల్ల ఏస్కున్నా నడుస్తది."

ఇప్పుడు చూడండి నా తెలివి. మా దుకాణంలో మేలిరకం బియ్యం అడిగినవాడికి మా బాపు, "అవి మీకొద్దులే పటేలా, అవి వేరేవాళ్ళకు పెట్టినం," అనేవాడు. అన్న మరుక్షణం ఆ మనిషికి అవే కావాలనిపించేది. ఆ ఎత్తు చూస్తూ పెరిగాను. కాబట్టి ఒక దుకాణదారు "ఇది నీకొద్దు" అన్నాడంటే అది అన్నిటికంటే మంచి సరుకు, ధర పెంచడానికే ఆ మాట అన్నాడు. దుకాణదారు నిజం చెప్పడం అనేది ఒకటుంటుందని నాకు తోచనే లేదు. ఎలా తోస్తుంది? మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు గదా.

పెద్దది చిన్నదాని ధరకు అడిగాను. కాదన్నాడు. లేచి నాలుగడుగులు వేశాను. పిలవలేదు. నేనే వెనక్కి వచ్చాను. చివరికి మా పాత కడ్డీ కూడా అతని ముందు పెట్టి, ఇది తీసుకుని ధర తగ్గించమన్నాను.

"ఉంచుకో సేట్, పనికొస్తది," అన్నాడు.

ఇదింకో ఎత్తు అనుకున్నాను. పట్టుబట్టి అంటగట్టాను. అతను నిట్టూర్చి, పాన్ ఉమ్మి, సరే అన్నాడు. లేచేటప్పుడు కొసరుగా ఒక రబ్బరు వాషరు కూడా జేబులో వేసుకున్నాను. రైల్లో దారి పొడుగునా దాన్ని తడుముకుంటూ నవ్వుకున్నాను. ఆ వాషరు ఏ బండికీ సరిపోలేదు.

కడ్డీని చూసి ఉస్తాద్ నేల మీద కూర్చుండిపోయాడు. "పాతది ఏది?" అన్నాడు. చెప్పాను. తల గోక్కున్నాడు. పందేనికి మూడు రోజులుంది.

"సేటూ, నీకు దుకాణం బాషల చెప్త," అన్నాడు. "జాతర దినం తలుపు బార్ల తెరిస్తివనుకో, మంది దుబదుబ ఒస్తరు, మంచిగ గిరాకి. గిరాకి లేని దినం గట్ల బార్ల తెరిస్తే ఏమొస్తది?"

"దుమ్ము."

"గదే. ఇంజను జోరుగ తిరిగెటప్పుడు గీ పెద్ద గుడ్లు మంచియే. మెల్లగ తిరిగెటప్పుడు లోపల్కి ఒచ్చిన గాలి గదే తలుపుల నుంచి మల్ల బయటికి పోతది. బలముండది. దీని బలమంత మీదుంటది, కింద సున్న."

"మరి పెడల్ ఒత్తి మీదికి తీస్కపోతే అయిపాయె గద?"

"నీ గిన్నె పోనియ్యది."

గిన్నె అంటే ఆయన భాషలో టార్క్ కన్వర్టర్. క్లచ్చి బదులు ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య ఉండేది. లోపల రెక్కలున్న రెండు గిన్నెలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో నూనె. ఒకదాన్ని ఇంజను తిప్పుతుంది. అది విసిరిన నూనె తగిలి రెండోది తిరుగుతుంది, దానితో చక్రాలు తిరుగుతాయి. ఇనుముకు ఇనుము ఎక్కడా తగలదు. ఉస్తాద్ వివరించాడు:

"బెల్లం ఒండెటప్పుడు పెనంల తెడ్డు తిప్పుతరు సూడు. మెల్లగ తిప్పితే రసం కదలది. జోరుగ తిప్పితే రసమంత గిర్రున తిరిగి తెడ్డును గుంజుతది. గిది గూడ గంతే. ఇంజను ఇంత జోరుకు ఒచ్చెదాంక జారనిస్తది, ఆడికి ఒచ్చినంక పట్టుకుంటది. యాడ పట్టుకోవాల్నో పాత కడ్డీ బలం సూసి కట్టిండ్రు. కొత్త కడ్డీకి ఆడ బలం లేదు, దాని బలం ఇంక మీద. మీదికి పోదామంటే గిన్నె మెడ మీద కూసోని పోనియ్యది. లేవని ఎద్దు మీద కాడి పెట్టినట్టు."

"గిన్నె మార్చరాదా?"

"మార్చొచ్చు. జెర ఎక్కువ జారే గిన్నె గావాలె, ఇంజనును మీదిదాంక ఉరకనిచ్చి అప్పుడు పట్టేది. అమెరికాకు పోయి బేరం చేస్కరా."

హైదరాబాదుకు మళ్ళీ పోయి రావడానికీ, మళ్ళీ విప్పి బిగించడానికీ రోజులు చాలవు. కొత్త కడ్డీనే వేశాడు. ఇంజను మొదలవగానే గుండె జబ్బు మనిషి మెట్లెక్కినట్టు దబదబా ఎగిరింది. గేరులో వేయగానే ఆగిపోయింది. ఉస్తాద్ ఖాళీగా తిరిగే వేగం పెంచాడు. ఇప్పుడు ఆగలేదు గాని, గేరులో వేస్తే పెడల్ ఒత్తకుండానే కారు ముందుకు పాకుతోంది. బావ బ్రేకు మీద బరువంతా వేసి పట్టుకోవాల్సి వచ్చింది. "గిట్ల పట్టుకోని ఎక్వసేపు ఉండకు," అన్నాడు ఉస్తాద్. "కదలని బండిల ఇంజను బలమంత నూనెను కాగబెడ్తది." బావ తలూపాడు. నా వైపు చూడలేదు.

పందెం నాడు కాలువ గట్టు పొడుగునా జనం. గడ్డి, పేడ, చెమట, ఎడ్ల నురగ. ఎడ్ల పందెం అయిపోయాక నేల మీద సున్నంతో రెండు గీతలు గీశారు, అర మైలు దూరంలో. మొదటి గీత మీద జీపు, పక్కన మా కారు. బావ గేరులో వేసి, ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు పెడల్ మీద పెట్టి కూర్చున్నాడు. పటేలు మనిషి ఒకడు జెండా గుడ్డ ఎత్తాడు. సరిగ్గా అప్పుడు గెలిచిన ఎడ్ల జత ఒకటి పలుపు తెంపుకుని తొవ్వ మీదికి ఉరికింది.

దాన్ని పట్టుకునేదాకా ఆగాలి. జీపాయన గేరు తీసి, కాళ్ళు ముడుచుకుని బీడీ ముట్టించాడు. బావ గేరు తీయలేదు. తీసి మళ్ళీ వేస్తే ఆగిపోతుందేమోనని భయం. బ్రేకు మీదే పట్టుకుని కూర్చున్నాడు. కారు కదలదు, ఇంజను తిరుగుతోంది, గిన్నెలో నూనె కాగుతోంది. కింద నుంచి పొగ సన్నగా మొదలైంది. కారు పక్కన నిలబడ్డ నేను కిందికి వంగి చూశాను. ఆ వాసన మొదటిసారి అప్పుడే తెలిసింది.

"బావా, గేరు తియ్యి!" అన్నాను.

"తీస్తే నువ్వేస్తవా?" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. అంత కటువుగా అతను నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

ఎడ్లు పోయాయి. జెండా గుడ్డ పడింది. జీపు గుర్రంలా ముందుకు దూకింది. మా కారు కింద ఏదో ఫట్‌మని, ఎర్రగా వేడిగా నా ఛాతీ మీద, మెడ మీద, నోట్లో పడింది. నోట్లో కూడా. ఉమ్మేసి చూసేసరికి బావ పెడల్ అడుగుదాకా తొక్కి ఉన్నాడు, కారు మాత్రం నిండు గర్భిణిలా మెల్లగా, ఎంతో మర్యాదగా బయలుదేరుతోంది. బొ... బొ... బొ... అంటోంది ఇంజను. గిన్నె దాని మెడ మీద కూర్చుంది. ఉస్తాద్ చెప్పినది చెప్పినట్టే. జీపు రెండో గేరులో పడింది, మూడో గేరులో పడింది, దుమ్ములో చిన్నదైపోయింది.

ముప్పాతిక దూరం పోయాక కారుకు మెలకువ వచ్చింది. గొంతు మారింది. పులి లాంటి అరుపు ఒకటి లేచి, కాలువ నీళ్ళ మీది కొంగలన్నీ ఒక్కసారి ఎగిరాయి. కొత్త కడ్డీ బలం వచ్చేసింది. నవాబుల పల్లకి బాణంలా పోయింది, వెనక ఎర్ర నూనె గీసుకుంటూ. గెలుపు గీత దగ్గర జీపాయన అప్పటికే దిగి నిలబడి ఉన్నాడు. మా కారు గీత దాటి, అతన్ని దాటి, పటేలు కుర్చీ దాటి, ఇంకా చాలా దూరం పోయి చెరుకు చేలో ఆగింది.

"అరె, గిప్పుడు లేసిందిరో!"

"పెండ్లైనంక బాజాలు ఒచ్చినయి!"

"ఆపకుండ్రిరా, కందకుర్తి దాంక పోనియ్యిండ్రి, గోదారి గంగల మునిగొస్తది!"

నేను ఉరుక్కుంటూ ఆ గీత దగ్గరికి చేరేసరికి పటేలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నా చొక్కా చూసి ఇంకా నవ్వాడు. "ఏం సేటూ, హోలీ ముందుగల్నే ఆడినవ్?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎందుకు నవ్వానో, ఎవరికి అమ్ముదామని నవ్వానో నాకు తెలియదు. బావ చెరుకు చేలో కారు పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు మూయలేదు.

కారును అదే ఎడ్ల జత రోడ్డు దాకా లాగింది. అక్కడి నుంచి ఒక ఖాళీ లారీ తాడు కట్టి ఉస్తాద్ షెడ్డుకు ఈడ్చింది. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. అక్క గుమ్మంలో ఉంది. బావ ముఖం చూసింది, నా చొక్కా చూసింది.  లోపలికి పోయి గోడకు ఆనించిన గోనెసంచి విప్పింది. ఒక్కో గిన్నె తీసి మా అవ్వ అటక మీద పెట్టసాగింది. ఇత్తడి చప్పుడు తెలుసు గదా, ఎంత మెల్లగా పెట్టినా ఊరంతా వినిపిస్తుంది.  ఏదో ఒకటి చెప్పాలని వంటింట్లో అడుగు పెట్టాను.

"తమ్మీ, అంగి బయట ఇడ్సిరా," అంది అక్క, నా వైపు తిరగకుండానే. "ఇది అవ్వ వంటిల్లు."

తర్వాతిది తొందరగా చెప్పేస్తాను, చెప్పడానికి కూడా వెగటు. పాత కడ్డీ కోసం హైదరాబాదు మళ్ళీ పోయాను. ఆ ముసలి వ్యాపారి దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి ఉంచాడు. "ఒస్తవని ఎరుకే సేట్," అన్నాడు. ఎంతకు కట్టి తీసుకున్నాడో అంతకే ఇస్తానన్నాడు, పైసా ఎక్కువ కాదు. ఆ మాటకు తల వంచి దండం పెట్టాల్సినవాణ్ణి. నా నోరు మాత్రం, నేను ఆపేలోపే, "జెర తగ్గియ్యరాదు?" అంది. అతను మొట్టమొదటిసారి పాన్ నా కాళ్ళ దగ్గర ఉమ్మాడు.

పాత కడ్డీ వేశారు. ఇంజను మునుపటిలాగే మెత్తగా తిరిగింది. కాని గిన్నె దగ్గర రబ్బరు సీళ్ళు కాలిపోయాయి, పోసిన నూనె పోసినట్టే కారింది. అవి ఇక్కడ దొరకవు. ఉస్తాద్ తోలుతో కోసి పెట్టి చూశాడు, మైలు దూరం పోయాక అదే వాసన. మోస్రా పొలం అమ్మి కొన్న కారు చివరికి పాత ఇనుము బరువుకు పోయింది. కొన్నవాళ్ళు ముక్కలు చేసుకుని మోసుకుపోయారు. ఆ ముక్కల్లో వెనక సీటు కోసం బేరమాడబోయిన ఒక మనిషిని మా బాపు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. ఆ మనిషి నేనే.

మరుసటి ఏడు జీపాయన ఇంకో జీపు కొన్నాడు. దాని మీదికి డ్రైవరు కావాలని నేరుగా మా ఇంటికే వచ్చాడు. బావ ఒప్పుకున్నాడు. సొంత బండి మనిషి నెల జీతానికి పోయాడు. బోధన్‌లో ఆ గదిలోకి మాత్రం ఇంకా ఎవరూ దిగలేదు. అక్క గోనెసంచి మళ్ళీ కట్టింది.

సామాను ఎక్కించేందుకు జీపాయనే బండి తెచ్చాడు. గంజులు, పరుపు చుట్ట, కొత్త మట్టిపొయ్యి. పొయ్యిని అక్క ఎవరికీ ఇవ్వలేదు, ఒళ్ళోనే పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బావ తోలడానికి ఎక్కాడు. మా బాపు కిరాయి ఎంతన్నాడు. జీపాయన నోరు పెద్దదే గాని ఆ రోజు మెల్లగా అన్నాడు:

"ఏం కిరాయి? నా డ్రైవరు ఇల్లు పెట్టుకుంటుండు. పైసలొద్దు."

 మా అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది. నేను వెనక కమ్మీ పట్టుకుని, గంజుల మధ్య ఒక కాలు పెట్టి, "అట్లయితే ఒచ్చెటప్పుడు నన్ను గూడ ఉత్తగనే ఇంటికాడ దించుతవా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అక్క ఒళ్ళోని పొయ్యిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. బావ అద్దంలో నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. జీపాయన కాసేపు నన్నే చూశాడు, పందెం నాడు బీడీ ముట్టించినంత తీరుబడిగా.

"ఎక్కు," అన్నాడు.

ఎక్కాను.